బటన్‌కు రంగు చెప్పకండి, పని చెప్పండి

పోయిన మంగళవారం మా జట్టులో అందరికన్నా చిన్నవాడు ఒక కోడ్ మార్పును రివ్యూకు పంపాడు. మార్పు చాలా చిన్నది. మా బటన్ కాంపోనెంట్‌కు, అంటే అన్ని పేజీల్లోనూ వాడే బటన్ ముక్కకు, ‘కింది మార్జిన్’ అనే కొత్త ప్రాప్ ఒకటి చేర్చాడు. ప్రాప్ అంటే కాంపోనెంట్‌ను వాడేటప్పుడు దానికి బయటి నుంచి ఇచ్చే విలువ, మార్జిన్ అంటే దాని చుట్టూ వదిలే ఖాళీ. ఒక పేజీలో బటన్ కింద 8 పిక్సెళ్ల ఖాళీ కావాల్సి వచ్చిందట. నేను ఆ ఫైలు మొదటికి వెళ్లి ప్రాప్స్ లెక్కపెట్టాను. ఇది 31వది.

“ఒక్కటే కదా అక్కా, దీనివల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు” అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. ముందున్న 30 కూడా అలాగే, ఎవరికీ ఇబ్బంది లేకుండానే, ఒక్కొక్కటిగా చాప కింద నీరులా వచ్చాయి. వాటిలో ఏడెనిమిది నేను చేర్చినవి.

ఆ రోజు ఆ మార్పును ఆమోదించలేదు, తిప్పి పంపనూ లేదు. ఎందుకు వద్దంటున్నానో నాలుగు వాక్యాల్లో రాద్దామని కూర్చుంటే అది నాలుగు వాక్యాల్లో ఇమడలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక కాంపోనెంట్‌కు మనం ఇచ్చే ప్రాప్స్ అది చేసే పనేమిటో చెప్పాలి. అది ఎలా కనిపించాలో నిర్ణయించే అధికారం థీమ్‌కు, అంటే రంగులూ అంతరాలూ ఒకే చోట రాసిపెట్టిన జాబితాకు, ఉండాలి. ఆ థీమ్ విలువలు పేజీని నడిపించే జావాస్క్రిప్ట్‌లో కన్నా, పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్‌లో పేరు పెట్టి దాచుకునే విలువల్లో, అంటే సీఎస్ఎస్ వేరియబుల్స్‌లో, ఉండటం మేలు. ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు, ఎందరో చెప్పిందే. కానీ చదివి తలూపడం వేరు, నమ్మడం వేరు. నేను నమ్మడానికి నాలుగేళ్లు పట్టింది. అయినా ఒకటి రెండు చోట్ల ఈ అభిప్రాయం నన్ను ఇప్పటికీ ఇరుకున పెడుతూనే ఉంది. అవి కూడా దాచకుండా చెబుతాను.

రాత్రి డ్యూటీ

2021 మొదట్లో మేము ఒక ఆసుపత్రికి సాఫ్ట్‌వేరు చేయడం మొదలుపెట్టాం. వార్డులో నర్సులు మందుల వేళలు నమోదు చేసే పట్టిక, రిసెప్షన్‌లో పేర్లు రాసుకునే ఫారం, డిశ్చార్జి కాగితాలు ముద్రించే పేజీ, ఇలాంటివి. వాటిని కట్టింది రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో, దాని మీద స్టైల్స్ రాయడానికి స్టైల్డ్ కాంపోనెంట్స్. థీమ్‌ను కాంపోనెంట్లన్నిటికీ అందించే థీమ్ ప్రొవైడర్ మొదటి రోజే పెట్టుకున్నాం. రంగులు, అంతరాలు, అక్షరాల సైజులు అన్నీ ఒక ఆబ్జెక్ట్‌లో రాసి దానికి థీమ్ అని పేరు పెట్టాం. పేరు ఉంది కాబట్టి థీమ్ కూడా ఉందనే అనుకున్నాం.

ఏడాది తిరిగేసరికి నర్సులు ఒక కోరిక చెప్పారు. రాత్రి రెండు గంటలకు వార్డులో లైట్లు తగ్గించి ఉంటాయి. ట్రాలీ మీదున్న కంప్యూటర్‌ను తాకగానే తెల్లటి వెలుగు వెళ్లి పక్క మంచం మీద నిద్రపోతున్న రోగి ముఖాన పడుతోంది. తెర ముదురు రంగులో ఉండేలా చేయగలరా అని అడిగారు. ఇంత న్యాయమైన కోరిక నా ఉద్యోగంలో అరుదుగా విన్నాను. రెండు వారాల్లో ఇస్తామని మాట ఇచ్చాం. దాదాపు మూడు నెలలు పట్టింది.

కారణం మొదటి రోజే తెలిసిపోయింది. మా థీమ్‌లో ‘తెలుపు’ అనే పేరు ఉంది. కార్డు నేపథ్యం తెలుపు, నీలి బటన్ మీద అక్షరాలు తెలుపు, ముద్రించే కాగితం నేపథ్యం తెలుపు. మూడూ ఆ ఒక్క పేరు నుంచే విలువ తీసుకుంటున్నాయి. డార్క్ థీమ్‌లో కార్డు నల్లబడాలి, బటన్ మీద అక్షరాలు తెల్లగానే ఉండాలి, కాగితం ఎప్పటికీ తెల్లగానే ఉండాలి. మరి ‘తెలుపు’కు ఏ విలువ ఇవ్వాలి? మాలో ఒకరు తెగించి డార్క్ థీమ్‌లో ‘తెలుపు’ విలువను నలుపు చేసి చూశారు. ఆసుపత్రి గుర్తు రంగుల్లో రావాలని నేపథ్యాలను కూడా ముద్రించమని బ్రౌజర్‌కు అంతకుముందే చెప్పి ఉంచాం. దాంతో పరీక్షకు పెట్టిన ప్రింటరులోంచి డిశ్చార్జి కాగితం నిలువెల్లా నల్లగా, వేడివేడిగా బయటికి వచ్చింది. ఆ కాగితాన్ని చాలా రోజులు నా బల్ల మీదే ఉంచుకున్నాను.

ఇక థీమ్‌ను దాటుకుని ప్రాప్స్ ద్వారా నేరుగా ఇచ్చిన రంగులు 400 చోట్లకు పైగా తేలాయి. వాటిని వెతికి పట్టుకోవడం పెద్ద పనేమీ కాదు, ఎడిటర్‌లో ఒక్క వెతుకులాటతో అన్నీ బయటపడతాయి. కష్టమంతా ఆ తర్వాత. ఇక్కడ ఈ బూడిద రంగు ఎందుకు పెట్టాం? ఈ బటన్ ఇప్పుడు పనిచేయదని చెప్పడానికా? ఈ వివరం అంత ముఖ్యం కాదని చెప్పడానికా? లేక ఊరికే రెండు భాగాల మధ్య గీత కోసమా? రాసినవాళ్లకు రాసిన రోజున తెలుసు. కోడ్‌లో మాత్రం రంగు మిగిలింది, కారణం పోయింది. ఆ మూడు నెలల్లో మేము చేసిందంతా 400 చోట్ల పోయిన కారణాలను మళ్లీ ఊహించడమే. కొన్ని చోట్ల తప్పుగా ఊహించాం కూడా.

అప్పట్లో అది సరైన దారే

ఇప్పుడు ఇదంతా తెలివితక్కువ పనిలా కనిపించవచ్చు. నేను అలా అనుకోను. ఆ దారికి గట్టి కారణాలే ఉన్నాయి.

2014 నవంబరులో ఫేస్‌బుక్‌లో పనిచేసే క్రిస్టఫర్ షెడో ఒక ప్రసంగంలో పెద్ద సంస్థల్లో సీఎస్ఎస్ పెట్టే ఇబ్బందులను ఏడింటిని వరుసగా చెప్పారు. పేర్లన్నీ ఒకే చోట కలిసిపోవడం, ఏది దేనిమీద ఆధారపడిందో తెలియకపోవడం, వాడని కోడ్‌ను తీసేయడానికి ధైర్యం చాలకపోవడం, ఇలా. ఆ జాబితాలో ఒకటి, విలువలను సీఎస్ఎస్‌కూ జావాస్క్రిప్ట్‌కూ మధ్య పంచుకోలేకపోవడం. ఆనాటికి సీఎస్ఎస్ వేరియబుల్స్ ఫైర్‌ఫాక్స్‌లో అప్పుడప్పుడే వచ్చాయి. క్రోమ్‌కు 2016లో, ఎడ్జ్‌కు 2017లో వచ్చాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు చివరిదాకా రానేలేదు. మా ఆసుపత్రి రిసెప్షన్‌లో 2022 దాకా నడిచింది అదే బ్రౌజర్. అలాంటి చోట థీమ్‌ను జావాస్క్రిప్ట్‌లో పెట్టుకోవడం తప్ప గత్యంతరం ఏముంది?

2016లో మాక్స్ స్టాయిబర్, గ్లెన్ మాడర్న్ స్టైల్డ్ కాంపోనెంట్స్ తెచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. స్టైల్ రాసే చోటే ఒక చిన్న ఫంక్షన్ పెట్టి, ప్రాప్స్ చూసి రంగు మార్చవచ్చు. సీఎస్ఎస్ స్టైల్స్‌కు పెట్టే క్లాసు పేర్లు కలిపి కుట్టే బాధ లేదు. మరుసటి ఏడాది బ్రెంట్ జాక్సన్ స్టైల్డ్ సిస్టమ్ వచ్చింది. అందులో ప్యాడింగ్ (పెట్టె లోపలి ఖాళీ) 3 అంటే థీమ్‌లోని అంతరాల కొలమానంలో ఆ స్థానంలో ఉన్న విలువ. పిక్సెళ్లు గుర్తుంచుకోనక్కరలేదు. ఆ పద్ధతే తర్వాత చక్ర యూఐ లాంటి కాంపోనెంట్ లైబ్రరీలకు దారి చూపింది. కొత్త పేజీ ఒక పూటలో లేచి నిలబడేది. పేజీ వేగంగా కట్టడమే పని అయితే ఈ రోజుకూ అంత హాయైన పద్ధతి ఇంకొకటి లేదంటాను.

చిక్కల్లా ఆ ఫంక్షన్‌కు మనం ఏమి అందిస్తున్నామన్నదే. ప్రాప్ చూసి రంగు మార్చే వీలు వచ్చింది కదా అని మేము రంగునే ప్రాప్‌గా పంపడం మొదలుపెట్టాం. కొన్నాళ్లు అవి కాస్తా పేజీ నిర్మాణం రాసే హెచ్‌టీఎంఎల్ ట్యాగులోకి కూడా కారిపోయేవి. బ్రౌజర్‌లో చూస్తే బటన్ ట్యాగు మీద అర్థంపర్థం లేని గుణాలు వేలాడుతుండేవి. 2020లో స్టైల్డ్ కాంపోనెంట్స్ 5.1 డాలర్ గుర్తుతో మొదలయ్యే ప్రాప్స్ తెచ్చి ఆ కారడం ఆపే మార్గం చూపింది. మేము శ్రద్ధగా అన్నిటి ముందూ డాలర్ గుర్తు పెట్టుకున్నాం. ‘కింది మార్జిన్’ లాంటి ప్రాప్ అసలు ఉండాలా అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు.

ఎర్ర బటన్లు రెండు

మా బటన్‌కు మొదట్లో ఐదు అవును-కాదు ప్రాప్స్ ఉండేవి. ముఖ్యమైనది, ప్రమాదకరమైనది, పెద్దది, గీత మాత్రమే ఉన్నది, నిండు వెడల్పుది. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఐదు అవును-కాదులంటే 32 కలయికలు. డిజైనర్ గీసి ఇచ్చినవి తొమ్మిది. ముఖ్యమైనది, ప్రమాదకరమైనది రెండూ ఒకేసారి ఇస్తే ఏ రంగు రావాలి? స్టైల్‌లో ఏది తర్వాత రాస్తే అది. అంటే ఆ నిర్ణయం ఎవరూ తీసుకోలేదు, కింద ఉన్న వరుస తీసుకుంది. ఇప్పుడు వాటి స్థానంలో ‘పాత్ర’ అనే ఒకే ప్రాప్ ఉంది. దానికి నాలుగే విలువలు, విలువల రకాలను సరిచూసే టైప్‌స్క్రిప్ట్ ఐదోదాన్ని రానివ్వదు. వెడల్పు సంగతి బటన్‌ను ఉంచే పెట్టె చూసుకుంటుంది.

రంగుకూ పాత్రకూ తేడా నాకు పూర్తిగా తలకెక్కింది అత్యవసర విభాగం పేజీలో. అక్కడ ఎర్ర బటన్లు రెండు ఉండేవి. ఒకటి ‘అత్యవసర చేరిక’, రెండోది ‘నమోదు తొలగించు’. రెంటికీ మేము ఇచ్చిన ప్రాప్ ఒక్కటే, ఎరుపు. ఒక నర్సు హడావిడిలో మొదటిది నొక్కబోయి రెండోది నొక్కారు. నిర్ధారణ అడిగే పెట్టె ఉంది కాబట్టి నష్టం జరగలేదు. డిజైనర్ వెంటనే చేరిక బటన్ నారింజ రంగులోకి మారాలన్నారు. ‘ఎరుపు’ అని వెతికితే రెండూ వచ్చాయి, వాటితో పాటు ఇంకో 60 వచ్చాయి. ప్రతిదాన్నీ తెరిచి, ఇది ఏ రకం ఎరుపో చూసుకుంటూ పోయాం.

ఇలాంటిదే బూడిద రంగు అక్షరాల విషయంలోనూ జరిగింది. అంత ముఖ్యం కాని వివరాలకు మేము వాడిన రంగు #777777. తెల్లటి నేపథ్యం మీద దాని కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా నిష్పత్తి, 4.48:1. అందరూ చదవగలిగేలా ఉండాలంటే మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే వెబ్ ప్రమాణం చెబుతుంది. వెంట్రుకవాసిలో తప్పింది. #767676 పెడితే 4.54 వచ్చి గట్టెక్కుతుంది. కంటికి తేడా కూడా తెలియదు. థీమ్‌లో ‘రెండో స్థాయి అక్షరాలు’ అనే పేరు ఉండి ఉంటే ఒక్క వరుస మార్పు. మాకు పట్టింది ఒకటిన్నర రోజు.

అందుకే ఇప్పుడు మా థీమ్‌లో రెండు అంతస్తులు ఉన్నాయి. కింద ముడి రంగులు, వాటికి మామూలు పేర్లు. పైన పాత్రల పేర్లు: పేజీ నేపథ్యం, కార్డు నేపథ్యం, ముఖ్య అక్షరాలు, రెండో స్థాయి అక్షరాలు, గీత, ప్రమాదం, కాగితం. కాంపోనెంట్లు పై అంతస్తును మాత్రమే చూస్తాయి. ఏ థీమ్‌లో ఏ పాత్రకు ఏ ముడి రంగో ఒకే ఫైలులో ఉంటుంది. ఇలా పేర్లు పెట్టుకున్న డిజైన్ విలువలను డిజైన్ టోకెన్లంటారు. ఆ మాట సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేరు సంస్థలో పుట్టి ఇప్పుడు ఊరూవాడా వినబడుతోంది. మేము చేసింది దాని చిన్న రూపమే.

వత్తులు తెగిన ఫారం

థీమ్ అంటే రంగులే అనుకునేవాళ్లకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి.

రోగులు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు తామే వివరాలు నింపుకునేందుకు రిసెప్షన్ పక్కన ఒక టచ్ తెర పెట్టారు. దానికి తెలుగు ఫారం కావాలన్నారు. ఇంగ్లీషు పేజీ సిద్ధంగా ఉంది కదా, మాటలు మారిస్తే చాలనుకున్నాం. మాటలు మార్చి, తెలుగుకు మండలి ఫాంటు పెట్టి, పంపించేశాం. రెండు రోజుల తర్వాత రిసెప్షన్‌లో పనిచేసే ఆవిడ ఫోను చేసి, “అక్షరాలకు కాళ్లు కనబడటం లేదండీ” అన్నారు.

వెళ్లి చూశాను. ‘జిల్లా’ అని ఉండాల్సిన చోట ‘జిలా’ అని ఉంది. ‘పుట్టిన తేదీ’ కాస్తా ‘పుటిన తేదీ’ అయింది. ‘రాష్ట్రం’లో ష కింద ఏముందో దేవుడికే తెలియాలి. లేబుల్ కాంపోనెంట్‌కు ఎత్తు ఒక ప్రాప్, దానికి ప్రతి పేజీలోనూ ఎవరో ఒకరు 20 పిక్సెళ్లని ఇచ్చారు. పెట్టె దాటిన భాగం కనిపించకుండా కోసేయమని స్టైల్‌లో ఉంది. ఇంగ్లీషు అక్షరాలకు ఆ ఎత్తు సరిపోయింది. తెలుగులో అక్షరం కింద వత్తు, కొన్నిసార్లు వత్తు కింద ఇంకో వత్తు ఉంటాయి. పైన గుడులు, ఏత్వాలు ఉంటాయి. ఆ ఫాంటుకు, ఆ సైజుకు వరుస ఎత్తు అక్షరం సైజుకు 1.7 రెట్లు ఇస్తే గానీ హాయిగా కుదరలేదు. ఇంగ్లీషు పేజీలకు మేము ఇచ్చింది 1.25. వెడల్పు కథా అంతే. ‘సమర్పించండి’ అన్న మాట 96 పిక్సెళ్ల బటన్‌లో పట్టక చివరి అక్షరాలు గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయాయి.

తన ఊరి జిల్లా పేరు తప్పుగా ఉందేమోనని ఒక పెద్దాయన ఆ ఫారం నింపకుండా వెనక్కి వచ్చేశాడని ఆవిడ చెప్పారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. తెలుగు చదవగలిగిన మనిషి, తెలుగు రాయడం వచ్చిన మా వల్ల, తెలుగు ఫారం ముందు నిలబడి తనకే చదవడం రావడం లేదేమోనని అనుమానపడ్డాడు.

దీన్ని సరిచేయడానికి ఎత్తు అనే ప్రాప్‌ను పూర్తిగా తీసేశాం. వరుస ఎత్తు ఒక సీఎస్ఎస్ వేరియబుల్ అయింది. పేజీ భాష తెలుగు అయితే దాని విలువ 1.7, లేకపోతే 1.25. పెట్టెలు ప్యాడింగ్‌తో తమ ఎత్తు తామే తేల్చుకుంటాయి. లేబుల్‌కు తను ఏ భాషలో ఉందో తెలియనక్కరలేదు, దాన్ని వాడేవాళ్లూ చెప్పనక్కరలేదు. ప్రాప్‌గా ఇచ్చిన 20 అన్న అంకెలో ‘ఈ అక్షరాలు ఇంగ్లీషువి’ అన్న నమ్మకం దాగి ఉంది. రాసినవాళ్లు ఆ నమ్మకాన్ని ప్రకటించలేదు, వాళ్లకు అది ఉన్నట్టే తెలియదు. తెలుగు, తమిళం, ఉర్దూ లాంటి భాషల్లో పేజీలు చేసేవాళ్లు దీన్ని ముందే పట్టించుకోవాలి.

థీమ్ ఎక్కడ ఉండాలి

మూడు నెలల తర్వాత డార్క్ థీమ్ సిద్ధమైంది. వార్డులో పెట్టాం. ఆ రాత్రే ఫిర్యాదు వచ్చింది. పేజీ తెరవగానే అర సెకను తెల్లగా మెరిసి, తర్వాత నల్లబడుతోంది. రోగులు లేస్తున్నారు. మనం ఏ ఇబ్బంది తీర్చడానికి మూడు నెలలు పనిచేశామో అదే మళ్లీ, ఈసారి ఫ్లాష్ లైటులా.

మా థీమ్ రియాక్ట్ కాంటెక్స్ట్‌లో, అంటే జావాస్క్రిప్ట్ నడిచేటప్పుడు కాంపోనెంట్లన్నీ పంచుకునే విలువల్లో, ఉంది. సర్వర్ నుంచి వచ్చే పేజీకి నర్సు ఎంపిక ఏమిటో తెలియదు కాబట్టి అది మామూలు థీమ్‌తో వస్తుంది. జావాస్క్రిప్ట్ దిగి, నడిచి, దాచుకున్న ఎంపికను చదివి థీమ్ మార్చేసరికి తెల్లటి పేజీ కళ్లముందు ఉండనే ఉంటుంది. పైగా థీమ్ మారితే దాన్ని చూసే ప్రతి కాంపోనెంటూ మళ్లీ రెండర్ అవుతుంది, అంటే తన రూపాన్ని మళ్లీ లెక్కగట్టుకుంటుంది. మందుల పట్టిక ఉన్న పేజీలో, ఆ పాత కంప్యూటర్ మీద, ఆ జాప్యం కంటికి కనిపించేది.

తర్వాతి ఏడాది రిసెప్షన్ కంప్యూటర్లు మారాయి, పాత బ్రౌజర్ పోయింది. విలువలన్నిటినీ సీఎస్ఎస్ వేరియబుల్స్‌లోకి మార్చాం. పేజీ తలభాగంలో నాలుగు వరుసల స్క్రిప్టు దాచుకున్న ఎంపికను చదివి, మూల ట్యాగు మీద ఒక గుణం పెడుతుంది. ఎంపిక లేకపోతే ఆ యంత్రం సెట్టింగు ఏమిటో బ్రౌజర్‌నే అడిగే వీలు 2019 నుంచీ ఉంది. తెర మీద మొదటి చుక్క పడకముందే రంగులు తేలిపోతాయి. ఆ మెరుపు పోయింది. థీమ్ మారితే ఒక్క కాంపోనెంట్ కూడా రెండర్ కానక్కరలేదు.

లోకం కూడా ఆ వైపే నడిచింది. 2022 అక్టోబరులో స్టైల్డ్ కాంపోనెంట్స్ లాంటిదే అయిన ఎమోషన్ లైబ్రరీ నిర్వాహకుల్లో ఒకరైన సామ్ మగురా, తమ సంస్థ ఎమోషన్‌ను ఎందుకు వదిలేస్తోందో అంకెలతో సహా రాశారు. తాము కొలిచిన కాంపోనెంట్ రెండర్ సమయం దాదాపు సగానికి తగ్గిందన్నారు. సర్వర్‌లోనే నడిచే రియాక్ట్ సర్వర్ కాంపోనెంట్లలో కాంటెక్స్ట్ పనిచేయదు కాబట్టి థీమ్ ప్రొవైడర్ అక్కడికి చేరలేదు. మెటీరియల్ యూఐ అనే కాంపోనెంట్ లైబ్రరీ ఆరో వెర్షన్ సీఎస్ఎస్ వేరియబుల్స్‌ను తలకెత్తుకుంది. 2025 మార్చిలో స్టైల్డ్ కాంపోనెంట్స్ ఇకపై నిర్వహణకే పరిమితమని ప్రకటించారు. ఆ వార్త చదివి బాధపడ్డాను. నాకు ఆ పద్ధతి చాలా నేర్పింది.

పసుపు సంచి

ఇప్పుడు నన్ను ఇరుకున పెట్టే సంగతులు.

స్టైల్స్‌ను చిన్న చిన్న క్లాసు పేర్లతో రాసే టెయిల్‌విండ్ వాడే స్నేహితురాలు ఒకామె ఇదంతా విని, “మేము ప్రతి చోటా రంగులు నేరుగానే రాస్తాం, మాకు ఏ ఇబ్బందీ రాలేదే” అంది. తోసిపుచ్చలేను. ఆమె కోడ్ చూశాను, శుభ్రంగా ఉంది. కాకపోతే ఆ క్లాసులన్నీ బటన్ లోపల ఉన్నాయి. బటన్‌ను వాడే పేజీ దానికి రంగు చెప్పడం లేదు. లోపల ఎలా రాసుకున్నా ఆ ఇంటి గొడవ ఆ ఇంటిదే, తలుపు దగ్గర ఏమి ఇచ్చిపుచ్చుకుంటున్నామన్నదే నా పట్టింపు. అయితే ఆమె బటన్‌కు బయటి నుంచి క్లాసు పేరు తీసుకునే ప్రాప్ కూడా ఉంది. దాన్ని అందరూ హద్దుల్లోనే వాడుతున్నారంటే కారణం వాళ్ల జట్టులో ముగ్గురే ఉండటమా, లేక నేనే అతిగా భయపడుతున్నానా? ఈ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేదు.

రెండోది ఇంకా కష్టమైనది. ఆసుపత్రి వ్యర్థాలను ఏ రంగు సంచిలో వేయాలో 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాలు నిర్ణయించాయి. రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి, గొట్టాలు, తొడుగులు లాంటి ప్లాస్టిక్ ఎరుపు సంచిలోకి, సూదులు, బ్లేడ్లు తెల్లటి గట్టి డబ్బాలోకి, గాజు నీలం డబ్బాలోకి వెళ్లాలి. ఏ సంచి ఎంత బరువు తూగిందో రాసే పేజీలో నాలుగు బటన్లు ఉన్నాయి. మా కొత్త పద్ధతిలో రంగును ప్రాప్‌గా ఇవ్వకూడదు. పసుపు సంచి బటన్ చేసినవాళ్లు పసుపుగా కనిపించే పాత్ర ఏదుందా అని చూసి ‘హెచ్చరిక’ ఇచ్చారు. ఎరుపుకు ‘ప్రమాదం’. డార్క్ థీమ్‌లో ‘హెచ్చరిక’ ముదురు తేనె రంగులోకి వెళుతుంది. రాత్రి డ్యూటీ నర్సుకు తెర మీద పసుపు సంచి కనిపించలేదు. పకడ్బందీగా పెట్టుకున్న నియమమే ఆ తప్పు చేయించింది.

ఇక్కడ రంగు అలంకారం కాదు, సమాచారం. గోదాములో ఉన్న సంచి ఏ రంగో తెర మీద బటన్ కూడా ఏ థీమ్‌లోనైనా ఆ రంగులోనే ఉండాలి. ఇప్పుడు దానికి ‘సంచి’ అని వేరే కాంపోనెంట్ ఉంది. వర్గం అనే ప్రాప్ తీసుకుంటుంది, దాని విలువలు థీమ్‌తో మారవు. రంగు పేరు బటన్ మీద అక్షరాల్లో కూడా ఉంటుంది, రంగులు విడదీసి చూడలేనివాళ్ల కోసం. వర్గం అని పేరు పెట్టాం గానీ దాని విలువ పసుపే. అంటే రంగునే పంపుతున్నాం. అది నా మాటకు మినహాయింపా, లేక పని చెప్పడమంటే అక్కడ రంగు చెప్పడమేనా? ప్రస్తుతానికి రెండోదే అనుకుంటున్నాను.

పాత్రల పేర్లు పెట్టడం కూడా అనుకున్నంత తేలిక కాదు. నాలుగు పాత్రలు చాలవని ప్రతి నెలా ఎవరో ఒకరు వస్తారు. కాదంటే కొందరు బటన్ ఫైలును కాపీ చేసుకుని, తమకో సొంత బటన్ చేసుకుంటారు. అలాంటివి మా దగ్గర రెండు దొరికాయి. నియమం ఎంత బిగిస్తే దొంగదారులు అంత పెరుగుతాయన్నది నేను కళ్లారా చూశాను. అందుకే అడిగినవాళ్లతో కూర్చుని మాట్లాడటానికి వారానికి ఒక గంట కేటాయించాం. ఆ గంటలో తేలిన సంగతులు కోడ్‌లోని రక్షణలన్నిటికన్నా ఎక్కువ పనిచేశాయి.

31వ ప్రాప్

గురువారం ఆ కుర్రాడు, నేను పక్కపక్కన కూర్చున్నాం. అతని పేజీలో ఒకదాని కింద ఒకటి మూడు బటన్లు ఉన్నాయి. మధ్యలో ఖాళీ కావాలి. ఆ ఖాళీ బటన్‌ది కాదు, మూడింటినీ పెట్టుకున్న పెట్టెది. పెట్టెకు గ్యాప్ ఇస్తే సరిపోయింది, కొత్త ప్రాప్ అక్కరలేదు.

“మరి ‘కుడి మార్జిన్’ అనే ప్రాప్ ఎందుకుంది అక్కా?” అని అడిగాడు. చెప్పాను. అది 2021 మొదట్లో నేను చేర్చింది. డాక్టర్లు రౌండ్లలో ఐప్యాడ్ వాడేవారు. లోపలివాటిని వరుసగా పేర్చే ఫ్లెక్స్ పెట్టెల్లో గ్యాప్ ఐప్యాడ్ బ్రౌజర్ సఫారీకి 2021 ఏప్రిల్‌లో, 14.1 వెర్షన్‌తో గానీ రాలేదు. అప్పుడు కారణం ఉంది. ఆ కారణం పోయి నాలుగేళ్లు దాటినా ప్రాప్ అలాగే ఉండిపోయింది, ఎందుకంటే అది ఎందుకొచ్చిందో ఎక్కడా రాయలేదు. దాన్ని అతనే తీసేశాడు. తర్వాత ఆపలేదు. మార్జిన్లు నాలుగూ పోయాయి, ఎత్తు పోయింది, ఎవరూ వాడని రెండు పోయాయి. సాయంత్రానికి 24 మిగిలాయి.

చివర్లో ‘నేపథ్య రంగు’ దగ్గర ఆగాడు. దాన్ని వాడుతున్న చోటు మొత్తం మీద ఒక్కటే ఉంది, రక్తదాన శిబిరం ప్రకటన పేజీ. అదీ నేను పెట్టిందే, ఒక శుక్రవారం సాయంత్రం, ఇంటికి వెళ్లే తొందరలో. ఆ పేజీని ఆసుపత్రివాళ్లు ఇంకా వాడుతున్నారో లేదో మాకెవరికీ తెలియదు. సోమవారం ఫోను చేసి అడగాలి.